ఎండ పక్క సీటు

ఉగాది పోయి పదిరోజులు గాలే,
బస్సు కడ్డీ అప్పుడే పెనం లెక్క కాలుతున్నది.
పన్నెండున్నరకు సికింద్రాబాద్‌ల డ్యూటీ ఎక్కుతా.
మెషిను మెడల, సంచి సంకల,
సంచిల చిల్లర కింద రెండు ఉల్లిగడ్డలు.
వడదెబ్బ తాకొద్దని మా అమ్మ ఏసింది.
నోట్లన్ని ఉల్లి వాసనొస్తున్నయని
డ్రైవర్ జంగయ్యన్న నవ్వుతడు.
ఆయన సీటు మీద తడి తువ్వాల,
అద్దం ముంగట వేలాడే నిమ్మకాయ,
దాని కింద వాడిన మిరపకాయలు.
"గా నిమ్మకాయ పిండుకొని తాగుదమా అన్నా?
బజార్ల ఒక్కోటి పది రూపాయలు" అంటే
"దిష్టి తాగుతవా పిల్లా" అంటడు.

ఎక్కేటోళ్లందరు ఒక్కటే లెక్క చేస్తరు:
ఎండ ఏ పక్క, నీడ ఏ పక్క?
మెట్టు మీద ఒక కాలు, రోడ్డు మీద ఒక కాలు,
పొద్దు దిక్కు మొకం ఎత్తి
పంచాంగం చూసినట్టు చూస్తరు.
ఎడమ పక్క నిండిపోతది.
బురఖాల అక్కలు, పింఛను పెద్దమనుషులు,
ఒంటిపూట బడి విడిచి
మోచేతి దాంక గోలా కారేసుకునే పోరలు,
ఇద్దరి సీట్ల ముగ్గురు, ముగ్గురి సీట్ల ఐదుగురు.
కుడి పక్క మాత్రం
పెండ్లి అయిపోయిన పందిరి లెక్క ఖాళీ.

నేనేం చెప్ప.
రోజుకు నాలుగు ట్రిప్పులు తిరిగేదాన్ని,
నాకు తెలిసింది ఒకటున్నది, చెప్ప.

మొన్న రాణిగంజ్ కాడ ఒకామె ఎక్కింది,
చంకల కొత్త రంజన్,
ఇంక నీళ్లు మొకం చూడని ఎర్ర మట్టి.
"సామానుకు టికెట్ తియ్యాలె అమ్మా" అన్న.
"నాకు జీరో టికెటే గద?"
"నీకు జీరో. కుండకు కాదు."
"కుండ గూడ ఆడదే గద బిడ్డా!"
మెషిను మీద నా ఏలు ఆగిపోయింది.
జంగయ్యన్న ఇంజను కన్న గట్టిగ నవ్విండు.
ఆమె పేరు బాలనర్సమ్మ.
అడగకముందే చెప్పింది,
కుండ ధర గూడ చెప్పింది,
యాభై తగ్గించి కొన్నదట.

నీడ పక్క నిలబడ జాగ లేదు.
ఎండ కిటికీ కాడ కూసున్నది, ఒళ్లె కుండ.
కొంగు తీసి నెత్తి మీద కప్పుకోలే,
కుండ మీద కప్పింది.
"ఎండకు పగుల్తదా?"
"పగలది. ఊరికెనే."

బస్సు టాంక్‌బండ్ ఎక్కింది.
సాగర్ కెల్లి గాలి లేచింది.
వాసన గాలే, నేనేం అబద్ధం చెప్ప,
కాని నీళ్ల మీదికెల్లి వచ్చిన గాలి,
కుడి కిటికీలల్ల దూకి
మొట్టమొదలు బాలనర్సమ్మ మొకం తుడిచింది,
కొంగు ఎగరేసింది,
ఉత్త కుండల దూరి
"ఊఁ" అన్నది.

బస్సంత విన్నది.
గోలా పోరడు తినుడు మరిచి నోరు తెరిచిండు.
మళ్ల "ఊఁ".
ఎవరో కథ చెప్తుంటే కుండ ఊకొట్టినట్టు.
నీడ పక్కోళ్లు
దస్తీల కింద కెల్లి మెడలు చాపిండ్రు.
వాళ్ల దాంక పోయేసరికి ఆ గాలి
నలభై మంది చెమట గలిసి
గంజి ఆవిరి అయితది.

ఇదే నేను చెప్పని సంగతి.
ఎండకు ఓర్సినోళ్లకే ఆ రెండు నిమిషాల చెరువు.
చెప్తే అందరు కుడి పక్కకే ఉరుకుతరు,
బస్సు ఒరుగుతది.

అఫ్జల్‌గంజ్ల దిగుకుంట
బాలనర్సమ్మ కుండను చెవి కాడ పెట్టుకొని చూసింది.
ఏమన్న వినపడ్డదో లేదో,
జనంల కలిసిపోయింది.

రాత్రి పది దాటినంక ఇల్లు.
గోడలు ఇంక పొద్దును కక్కుతున్నయి,
కూలర్ల గడ్డి మార్చాలె, వచ్చే జీతానికి.
సంచిల ఉల్లిగడ్డలు తీస్తే
"పారెయ్, ఎండంత గుంజినయి, తినొద్దు" అన్నది అమ్మ.
ధర తెల్సినదాన్ని, ఎట్ల పారేస్త?
పెరుగన్నంల నంజుకున్న.

కండ్లల్ల నీళ్లొచ్చినయి.
నల్లల మాత్రం రేపే.